పొదుగు కోడికీ ఒక చరిత్ర ఉంది

పోస్టు పెద్దదే, టైం ఉన్నప్పుడు నిదానంగా చదవండి.

మన గ్రూపులో పితూరీల గురించి రాసుకున్నాం, 1/70 చట్టం గురించి రాసుకున్నాం, పోడు పట్టాల గురించి బోలెడు రాసుకున్నాం. కోడి గురించి మాత్రం ఎవరూ రాయలేదు. కోడికి చరిత్ర ఏంటని నవ్వుకోవద్దు. నేను బి.ఏ. హిస్టరీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషిని. పుస్తకాల్లో రాజ్యాలు, యుద్ధాలు, శిస్తులు చదివాను. ఆ శిస్తు కట్టిన ఇంట్లో కోడిని ఎవరు పొదగేశారు, ఎన్ని గుడ్లు వేశారు, ఎన్ని పిల్లలు దక్కాయి అన్నది నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు.

మాది రంపచోడవరం ఏజెన్సీ, కొండరెడ్లం. మా వాళ్ల మీద హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1945లోనే "ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్" అని ఒక పుస్తకం తెచ్చాడు. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే. అలాంటి పుస్తకం ఉన్నందుకు సంతోషమే. కానీ పొదుగు గంప దగ్గర మా మామ్మ ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో తెలియాలంటే మామ్మనే అడగాలి. అడిగాను. ఆమె చెప్పినదాన్ని, పుస్తకాల్లో దొరికినదాన్ని పక్కపక్కన పెట్టి చూశాను. అదే ఈ పోస్టు.

ముందే ఒక ముక్కలో చెప్తాను. రెండు వేల ఏళ్లకు పైగా మనుషులు గుడ్డును కోడి కింద నుంచి తీసి వేరేచోట పొదిగించాలని చూశారు. చివరికి గెలిచారు. ఆ గెలుపుతో పాటు పొదగడం తెలియని కోళ్లు తయారయ్యాయి. మన ఇళ్లలో ఉన్న నాటుకోడి మాత్రం ఆ పని మర్చిపోలేదు. ఇప్పుడు మనం కాపాడుకోవాల్సింది అదే.

*చేను దగ్గరికి వచ్చిన అడవికోడి*

ఇంటికోడి అడవికోడి నుంచి వచ్చిందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అడవికోడి కూత విన్నవాళ్లమే. అయితే అది ఎప్పుడు, ఎక్కడ మనిషి దగ్గరికి చేరింది అన్నదాని మీద ఈ మధ్యే మంచి పరిశోధనలు వచ్చాయి. 2020లో 800కి పైగా కోళ్ల జన్యువులు పోల్చి చూసి, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ వైపు ఉండే ఎర్ర అడవికోడి రకమే ఇంటికోడికి అసలు తల్లి అని తేల్చారు. 2022లో ఇంకో పరిశోధన ఎముకలు చూసింది. కచ్చితంగా ఇంటికోడివే అని చెప్పగలిగిన ఎముకల్లో అన్నిటికంటే పాతవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనేచోట దొరికాయని, అవి క్రీ.పూ. 1650 – 1250 మధ్యవని చెప్పింది.

ఆ రెండో పరిశోధనలో మనకి నచ్చే మాట ఒకటుంది. వాన మీద పండే వరి, చిరుధాన్యాల చేలు వచ్చాకే అడవికోడి మనిషికి దగ్గరైందట. గింజ కోసం చేను అంచుకి వచ్చింది, అక్కడే అలవాటు పడింది. చోళ్లు, సామలు, కొర్రలు కోతకొచ్చినప్పుడు పోడు దగ్గర కాపలా కూర్చున్న ఎవరికైనా ఇది వింత కాదు.

ఇంకో సంగతి. మన దేశంలో అడవికోళ్లు రెండు రకాలు. ఎర్ర అడవికోడి ఉత్తరం, తూర్పు వైపు ఉంటుంది. బూడిదరంగు అడవికోడి దక్షిణం వైపు ఉంటుంది. ఈ రెండిటి హద్దులు కలిసే చోట్లలో మన గోదావరి పరిసరాలు ఒకటి. ఇంటికోడికి పసుప్పచ్చ కాళ్లు, పసుప్పచ్చ చర్మం ఇచ్చిన జన్యువు ఎర్ర అడవికోడిది కాదని, బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అంటే ప్రపంచంలో ఎక్కడ పసుపు కాళ్ల కోడి కనబడినా దానిలో మన వైపు అడవి ముక్క ఒకటి ఉన్నట్టే.

అసీల్ జాతి చూడండి. సంక్రాంతికి మైదానంలో పందెం కోడి అంటూ వేలకి వేలు పోసి కొంటారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాబితాలో అసీల్ సొంత ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఉన్నాయి. బస్తర్, కోరాపుట్, మన ఏజెన్సీ అంతా ఈ పట్టీలోదే. కోడిని పందెంలో దింపినవాళ్ల పేర్లు పేపర్లో పడతాయి. దాన్ని గంప కింద పొదిగించి పెంచిన ఆడవాళ్ల పేరు ఎక్కడా పడదు.

*కోడి లేకుండా పొదిగించినవాళ్లు*

గుడ్డులో పిల్ల తయారవడానికి 21 రోజులు. మా మామ్మకి క్యాలెండర్ అక్కర్లేదు, సంతతో లెక్క. ఏ సంతనాడు పొదగేసిందో, ఆ తర్వాత మూడో సంతకి పిల్ల. మూడేడులు ఇరవై ఒకటి, లెక్క సరిగ్గా సరిపోతుంది.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీసులో అరిస్టాటిల్ ఈ లెక్కనే ఇంకో రకంగా చూశాడు. పొదుగులో ఉన్న గుడ్లని వేర్వేరు రోజుల్లో పగలగొట్టి లోపల ఏం జరుగుతోందో రాసిపెట్టాడు. మూడు రోజులయ్యాక తెల్లసొనలో ఎర్రటి చుక్కలా గుండె కదలడం కనబడుతుందని రాశాడు. ఈజిప్టులో కోడి లేకుండానే గుడ్లని పెంటలో పాతిపెట్టి పొదిగిస్తారని కూడా రాశాడు. అంటే అప్పటికే ఆ విద్య అక్కడ ఉంది.

తర్వాత ఈజిప్టులో అది పెద్ద పొయ్యిల దాకా వెళ్లింది. మట్టి ఇటుకలతో కట్టిన ఇల్లు. మధ్యలో సన్నటి దారి, రెండు పక్కలా గదులు, ఒక్కో గదిలో రెండు అంతస్తులు. కింద గుడ్లు పరిచేవాళ్లు. పై అంతస్తులో ఎండుగడ్డి, పేడ కలిపి నిప్పు రాజేసేవాళ్లు. మంట లేవకూడదు, నివురుగప్పిన వేడి మాత్రమే ఉండాలి. రోజూ గుడ్లు తిప్పుతూ, పై కన్నాలు తెరుస్తూ మూస్తూ వేడి సరిచేసేవాళ్లు. థర్మామీటర్ లేదు. గుడ్డు తీసి కనురెప్పకి ఆనించి చూసేవాళ్లు. కనురెప్ప చర్మం పలచన కాబట్టి కొంచెం తేడా కూడా తెలిసిపోతుంది.

ఒక్కో పొయ్యిలో వేల గుడ్లు. చుట్టుపక్కల రైతులు గుడ్లు తెచ్చి ఇస్తే పొయ్యివాళ్లు మూడింట రెండు వంతులకి సరిపడా పిల్లలు తిరిగి ఇవ్వాలి, మిగిలింది వాళ్ల లాభం. ఈ పనిలో నైలు డెల్టాలోని బెర్మా అనే ఊరివాళ్లు పేరుపడ్డారు. తండ్రి నుంచి కొడుక్కి నేర్పుకుంటూ, బయటివాళ్లకి చెప్పకుండా ఆ విద్యని దాచుకున్నారు. చదువుకోని మనుషుల చేతుల్లో ఉన్న విద్య అది.

చైనాలో, ఆగ్నేయాసియాలో ఇంకో దారి పట్టారు. వడ్లు, ఊక వేడిచేసి, వాటి మధ్య గుడ్ల పొరలు పేర్చి బుట్టల్లో పొదిగించారు, ముఖ్యంగా బాతు గుడ్లు. మన ధాన్యం ఊకలో కూడా వేడి నిలుస్తుందని మనకి తెలుసు, కుండలో నిప్పు దాచాలంటే ఊకే కదా పోసేది.

యూరప్ వాళ్లు ఈజిప్టు పొయ్యిలు చూసి ఆశ్చర్యపోయారు. తమ దగ్గర అలాంటివి కట్టబోతే కుదరలేదు, చలి దేశాలు. ఫ్రాన్స్‌లో రోమూర్ అనే శాస్త్రవేత్త ఈ పని మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1749లో పుస్తకం రాశాడు. గుర్రపు పెంట వేడితో, రొట్టెలు కాల్చే పొయ్యి వేడితో గుడ్లు పొదిగించి చూశాడు. థర్మామీటర్ మీద ఆయన పేరుతో ఒక కొలత కూడా ఉండేది. బెర్మా మనిషి కనురెప్పతో చూసినదాన్ని ఈయన గాజు గొట్టంతో చూశాడు. పుస్తకంలో ఎక్కింది ఈయన పేరు.

*1879: రెండు చోట్ల రెండు సంగతులు*

1879 అనగానే మనకి గుర్తొచ్చేది రంప పితూరీ. కల్లు మీద పన్ను, మున్సబుదారు దోపిడీ భరించలేక మన కొండల్లో జనం తిరగబడ్డ ఏడాది.

అదే ఏడాది అమెరికాలోని కాలిఫోర్నియాలో, పెటలూమా అనే ఊళ్లో లైమన్ బైస్ అనే ఆయన ఒక ఇంక్యుబేటర్ తయారుచేశాడు. వేడి తనంతట తాను సర్దుకునే పెట్టె. ఆ రోజుల్లో ఇలాంటి పెట్టెలకి వేడి దీపం నుంచి వచ్చేది. కొన్నేళ్లకే ఆ ఊరు గుడ్ల వ్యాపారానికి పేరుమోసింది. ఈ రెండు సంగతులకి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ ఇక్కడ పితూరీ అణిగిపోయింది. అక్కడ పుట్టిన పెట్టె పని మాత్రం వందేళ్లు తిరిగి మన గుమ్మం దాకా వచ్చింది.

ఈ వ్యాపారానికి ఇంకో దారి తెరిచింది పిల్ల కడుపులోని పచ్చసొన. బయటికి వచ్చేముందు పిల్ల మిగిలిన పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు రోజులు తిండి, నీళ్లు లేకపోయినా బతుకుతుంది. తల్లికోడి ఆలస్యంగా పగిలే గుడ్ల కోసం కూర్చుని ఉంటే, ముందు వచ్చిన పిల్ల ఆకలితో చావకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. వ్యాపారులు దాన్నే వాడుకుని ఒక్కరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి రైలెక్కించారు. 1918 నుంచి అమెరికా పోస్టాఫీసు వాళ్లు కోడిపిల్లల పార్సిళ్లు తీసుకున్నారు. మనకి ఉత్తరాలు మోసుకొచ్చినట్టు అక్కడ పిల్లల్ని మోసుకెళ్లారు.

*పొదగడం మర్చిపోయిన కోడి*

అసలు మలుపు ఇక్కడ ఉంది. పొదుగుకి వచ్చిన కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. మూడు వారాలు పొదగడం, ఆ తర్వాత నెలా రెండు నెలలు పిల్లల్ని తిప్పడం. అన్నాళ్లూ గుడ్డు లేదు. గుడ్లు అమ్ముకునేవాడికి ఇది నష్టం. పొదగడానికి పెట్టె వచ్చేసింది కాబట్టి పొదిగే కోడితో వాడికి పని లేదు. అందుకే కూర్చునే గుణం ఉన్న పెట్టల్ని తీసేస్తూ, కూర్చోని పెట్టల సంతానాన్ని పెంచుకుంటూ పోయారు. తెల్ల లెగ్‌హార్న్ అలా గుడ్ల యంత్రమైంది. పెట్టె లేకపోతే దాని వంశం నిలవదు.

మా హాస్టల్లో ఒక తమ్ముడు అడిగాడు, "అన్నంలో పెట్టే గుడ్డు పచ్చిది దాచి పొదగేస్తే పిల్లొస్తదా?" అని. రాదు. ఆ గుడ్డు పెట్టిన కోడి బోనులో ఉంటుంది, పుంజు మొహం చూడదు. పుంజు తొక్కని గుడ్డులో జీవం ఉండదు. మనం వారంలో ఇన్నిసార్లు తినే గుడ్డుకి తండ్రి లేడు, పెట్టిన తల్లికి పొదగడం రాదు. ఇది తప్పని నేను అనను. ఆ గుడ్డు వల్లే హాస్టళ్లలో మనకి కొంచెం బలమైన తిండి దొరుకుతోంది. తెలుగువాడైన బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టడం, 1982లో గుడ్ల రైతుల కోసం నెక్ రావడం, వీటి వెనక ఉన్న శ్రమ చిన్నది కాదు. గుడ్డు చౌక అయింది. కాదనను.

మన ఇళ్ల సంగతి వేరే. 1988లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధనకి కేంద్ర ప్రభుత్వ సంస్థ వచ్చింది. పల్లె పెరళ్ల కోసమే వాళ్లు వనరాజ, గ్రామప్రియ అనే రకాలు తయారుచేశారు. రంగురంగుల ఈకలు, పెరట్లో తిరిగి మేస్తాయి. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే వనరాజ పెరట్లోనే 100 పైచిలుకు పెడుతుంది. మంచిదే. కానీ ఎక్కువ గుడ్లు అంటే తక్కువ పొదుగు. పేరు వనరాజ, వనంలో కోడి చేసే మొదటి పని మాత్రం దానికి అంతగా రాదు.

మా ఊళ్లో ఒక పథకం కింద ఇంటింటికీ ఇలాంటి పిల్లల్ని ఇచ్చారు. కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. బతికిన పెట్టలు గుడ్లు బాగానే పెట్టాయి. ఒక్కటీ కూర్చోలేదు. "ఇదేం కోడే, పెట్టడం తెలుసు, తల్లవడం తెలీదు" అంది మామ్మ. ఆ గుడ్లని తీసుకెళ్లి మా నాటుపెట్ట కింద వేసింది. పిల్లలొచ్చాయి. కానీ రెండు రకాలు కలిపి తీసిన కోడి గుణం తర్వాతి తరంలో అచ్చం అలాగే నిలవదు. అలాంటి కోడే కావాలంటే మళ్లీ కొనాలి, లేదా మళ్లీ ఇచ్చేదాకా చూడాలి. విత్తనం విషయంలో హైబ్రిడ్ మొక్కజొన్నకీ, ఇంట్లో దాచుకున్న చోళ్లకీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది.

*మామ్మ పొదగేసే పద్ధతి*

ఇక మామ్మ చెప్పినది రాస్తాను. పక్కన కారణం కూడా రాస్తాను.

*కోడి:* పొదుగుకి వచ్చిన పెట్ట గూట్లోంచి లేవదు. ఈకలు ఉబ్బించుకుని గొంతు మార్చి అరుస్తుంది. చెయ్యి పెడితే పొడుస్తుంది. పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది, ఆ వేడి చర్మమే గుడ్డుకి తగలాలి. మామ్మ రెండు రోజులు చూసి, నిజంగా కూర్చుంటుందని నమ్మకం కుదిరాక రాత్రిపూట గుడ్లు పెడుతుంది. చీకట్లో కోడి బెదరదు.

*గుడ్లు:* వారం లోపు పెట్టినవే. మరీ చిన్నవి, మరీ పెద్దవి, పెంకు గరుకుగా ఉన్నవి పక్కన పెడుతుంది. వాటిని కడగదు, ఎందుకంటే పెంకు మీద పలచటి పూత ఉంటుంది, కడిగితే అది పోయి పురుగు లోపలికి వెళ్తుంది. దాచేటప్పుడు చల్లటి మూలలో చోళ్ల కుండలో మొన కిందకి పెట్టి గుచ్చుతుంది. గుడ్డు వెడల్పు వైపు గాలి గది ఉంటుంది, అది పైకే ఉండాలి. హేచరీల్లో ట్రేలో కూడా అలాగే పెడతారు. ఎండాకాలం గుడ్లు మామ్మ ఇష్టపడదు. వేడికి కోడి కూర్చోకుండానే లోపల పిల్ల కొంచెం మొదలై, సరిపడా వేడి లేక చస్తుంది.

*గంప:* అడుగున బూడిద, పైన ఎండుగడ్డి, మధ్యలో కొంచెం గుంట. గడ్డిలో వావిలాకు వేస్తుంది, పేలు పట్టకుండా. పేలు పడితే కోడి మధ్యలో లేచిపోతుంది. ఒక పెట్ట కింద 10, 12 గుడ్లు. అంతకంటే ఎక్కువైతే అంచున ఉన్నవాటికి వేడి అందదు. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని ఒక ఇనుప ముక్క, బొగ్గు ముక్క కూడా పెడుతుంది. ఇనుము ఉరుముని ఆపదు. ఉరుములొచ్చే ఆ నెలల్లో ఉక్కకి గుడ్లు పాడవడం మాత్రం నిజం.

*మధ్యలో:* కోడి రోజుకి ఒకసారి లేచి మేత తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి, మట్టిలో పొర్లి వస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు. గుడ్లు చల్లారిపోతాయని కంగారుపడి కోడిని తరమకూడదు. "తొందరపెట్టకు, అదే లెక్కెట్టుకుంటది" అంటుంది మామ్మ. మెషిన్లో 37.5 డిగ్రీలు పెట్టి, గంటగంటకీ ట్రే తిప్పుతారు. కోడి ముక్కుతో రోజుకి ఎన్నోసార్లు తిప్పుతూ, అంచువి మధ్యకి, మధ్యవి అంచుకి మారుస్తుంది. ఏడో రోజు దాటాక రాత్రి సెల్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా కనబడితే పిల్ల ఉంది. ఖాళీగా వెలిగితే తీసేయొచ్చు. మామ్మ ఇదే పని పొద్దుటి ఎండకి గుప్పిట్లో పట్టి చూసి చేస్తుంది.

*చివరి మూడు రోజులు:* 18వ రోజు తర్వాత గుడ్లు ముట్టుకోకూడదు. మామ్మ ఆ రోజుల్లో గడ్డి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తుంది. హేచరీలో కూడా 18వ రోజు నుంచి తిప్పడం ఆపి తేమ పెంచుతారు. తేమ చాలకపోతే పెంకు లోపలి పొర ఎండి పిల్లకి అంటుకుపోతుంది. యంత్రం నేర్చుకున్న ఈ రెండు నియమాలూ గంప దగ్గర ముందే ఉన్నాయి. పగలడానికి ముందు పిల్ల గుడ్డులోంచే కూస్తుంది, తల్లి బదులిస్తుంది. ఆ మాట ఏ మెషిన్లోనూ లేదు.

*పిల్లలకి ముందే సర్దుకోవాల్సినవి*

పిల్లలు వచ్చాక పరుగెడితే లాభం లేదు. 18వ రోజుకే ఇవన్నీ ఉండాలి.

గూడు ఊడ్చి, సున్నమో బూడిదో చల్లి, పొడి ఊక పరవాలి. తడి ఉంటే జబ్బు. పిల్లి, ముంగిస, పాము దూరే కన్నాలు మూయాలి. పగలు గద్దకి, కాకికి అడ్డంగా కప్పడానికి ఒక వెదురు గంప ఉండాలి.

పిల్ల పెంకు పొడిచాక పూర్తిగా రావడానికి ఒక రోజు పట్టొచ్చు. సాయం చేద్దామని పెంకు వలవకండి. లోపల నరాల్లో ఇంకా రక్తం ఉంటుంది, పిల్ల చచ్చిపోతుంది. వచ్చిన పిల్ల తల్లి కిందే ఆరాలి. మొదటి రోజు మేత లేకపోయినా కంగారు లేదు, పచ్చసొన సంగతి పైన చెప్పాను కదా.

నీళ్లు కొబ్బరిచిప్పలో, అందులో నాలుగు గులకరాళ్లు వేసి. లేకపోతే పిల్ల మునిగి చస్తుంది. మేత నూకలు, చోళ్లు. మామ్మ చెదపుట్ట ముక్క తవ్వి తెచ్చి గంప కింద వేస్తుంది. చెదపురుగులు మాంసకృత్తుల తిండి, దుకాణంలో కొనే దాణాకి తీసిపోదు.

తల్లి లేని పిల్లలైతే మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బు పెడితే సరిపోతుంది, కరెంటు ఉంటే. వానాకాలం మన ఊళ్లలో కరెంటు సంగతి మీకు తెలుసు. పిల్లలు గుంపుగా మూలుగుతుంటే చలి, రెక్కలు జార్చి దూరంగా పోతే వేడి ఎక్కువ. తల్లి ఉంటే ఈ లెక్కలేవీ మనకి అక్కర్లేదు.

ఇక మామ్మ పద్ధతి చాలని చోటు ఒకటుంది, అది చెప్పకపోతే నేను నిజం రాసినట్టు కాదు. కొక్కెర తెగులు. ఇంగ్లీషు పుస్తకాల్లో రాణిఖేత్ అంటారు, ఉత్తరాఖండ్‌లోని ఊరి పేరు అది. 1920ల చివర్లో అక్కడ గుర్తించారు. అది వస్తే ఊళ్లో కోళ్లన్నీ వారంలో పోతాయి, వావిలాకు ఆపలేదు. దానికి టీకా ఉంది. పిల్లలకి 5, 7 రోజుల మధ్య కంట్లో ఒక చుక్క. రెండు నెలలు నిండాక ఇంజక్షన్. చిక్కేంటంటే ఒక సీసాలో వంద డోసులకు పైనే ఉంటాయి, విప్పాక గంటల్లో వాడేయాలి, ఐసులో తేవాలి. పన్నెండు పిల్లలున్న ఒక ఇంటికి సీసా విప్పడం కుదరదు. ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒకే సంతకి పొదగేస్తే పిల్లలన్నీ ఒకేసారి వస్తాయి, ఒకే సీసా సరిపోతుంది. పశువుల డాక్టరుతో మాట్లాడి సీసా తెప్పించడం ఎవరి పని? చదువుకున్న మనదే.

*వాటా*

మన ఏజెన్సీలో కోడి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే దారి వాటా. కోళ్లు లేని ఇంటికి ఉన్న ఇంటివాళ్లు ఒక పెట్టని ఇస్తారు. వాళ్లు పొదగేసి పిల్లల్ని పెంచుతారు. పెరిగిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. డబ్బు లేదు, వడ్డీ లేదు, కాగితం లేదు. కొక్కెర వచ్చి ఒక ఇల్లు ఖాళీ అయితే మళ్లీ నిలబడేది ఇలాగే. ఆంత్ర అనే సంస్థ తూర్పుగోదావరి ఏజెన్సీలో ఆదివాసీ ఆడవాళ్లతో కలిసి అసీల్ కోళ్ల మీద పనిచేసినప్పుడు ఈ వాటా పద్ధతినే మళ్లీ నిలబెట్టారు.

వాటా నడవాలంటే పెట్టకి పొదగడం రావాలి. కూర్చోని కోడిని వాటాకి ఇచ్చి ఏం లాభం? వాటా వెనక ఉన్న పెట్టుబడి కోడి మాంసం కాదు, గుడ్డూ కాదు, దాని కూర్చునే గుణం. నేను ఇంటర్‌లో చేరినప్పుడు ట్రంకు పెట్టె, దుప్పటి, బస్సు ఛార్జీ సంతలో అమ్మిన మూడు పుంజుల్లోంచి వచ్చాయి. ఆ పుంజులు వాటా పెట్ట పిల్లలే. నా చదువు ఖర్చులో ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ ఎంతుందో లెక్క ఉంది. కోడి ఇచ్చినదానికి లెక్క రాసినవాళ్లు లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

*మనం చేయగలిగినవి*

ఇచ్చే కోళ్లు వద్దనకండి. గుడ్లు పెడతాయి, ఇంట్లో చంటిపిల్లలకి పనికొస్తాయి. కానీ వాటి కోసం నాటుపెట్టల్ని అమ్మేయొద్దని ఇంట్లో చెప్పండి. కనీసం ఇంటికి రెండు, బాగా కూర్చునే పెట్టలు ఉండాలి. నాటుపుంజుని కూడా ఉంచండి, పెట్టలు ఎనిమిది పది ఉంటే ఒక పుంజు చాలు. సంతలో మంచి ధర వచ్చిందని బాగా పొదిగే పెట్టని కోతకి ఇచ్చేస్తే ఆ గుణం దాంతోనే పోతుంది. ఏ పెట్ట ఎన్ని గుడ్లు వేస్తే ఎన్ని పిల్లలు తీసిందో ఒక నోటుబుక్కులో రాయండి. మా మామ్మ పెట్ట 12కి 10 తీసింది. ఈజిప్టు పొయ్యివాళ్లు ఒప్పుకున్నది మూడింట రెండు వంతులు, అంటే 12కి 8.

ఇంకోటి. నేను రాసింది మా ఊరి సంగతి, అదీ తెలుగులో. కోయలో, కువిలో, సవరలో, గోండిలో పొదుగు కోడిని ఏమంటారు? మురిగిన గుడ్డుకి, ఆఖరున వచ్చిన పిల్లకి పేర్లున్నాయా? గంపలో ఏ ఆకు వేస్తారు? కొత్తల పండగలకి ఏ రంగు కోడిని ఉంచుతారు, దాన్ని ఎవరు ఎంచుతారు? పండగ సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ మామ్మనో, అమ్మమ్మనో, పెద్దమ్మనో అడిగి వాళ్లు చెప్పినట్టే రాసి పెట్టండి. ఊరి పేరు, ఏ తెగ అన్నది కూడా రాయండి. అన్నీ వచ్చాక నేను ఒకచోట చేర్చి మళ్లీ పెడతాను.